ఆశ ఉండొచ్చా?

యూనిఫారాలు కుట్టే ఆమెను వీధంతా టైలరక్క అంటారు. హెచ్‌ఐవీ అంటించింది లారీ నడిపే మొగుడే. నింద మాత్రం ఆమె నెత్తిన రుద్దాడు. కండోమ్ వాడమంటే, "నా మీదే అనుమానమా?" అని కొట్టేవాడు.

పొత్తికడుపు నొప్పితో ఆసుపత్రికి వెళ్తే, పరీక్ష చేయబోయిన నర్సు చెయ్యి తగలగానే టైలరక్క ముడుచుకుపోయింది. నర్సు చెయ్యి వెనక్కి తీసుకుని, "ఇంట్లో ఎవరైనా కొడతారా అమ్మా?" అని మెల్లగా అడిగింది. అంతవరకు ఆ మాట అడిగినవాళ్ళు లేరు. ఏడుస్తూనే అన్నీ చెప్పేసింది. కడుపులో ఇన్‌ఫెక్షన్‌కు మందులు తీసుకుని, ఆ వారమే కుట్టుమిషన్ ఆటోలో వేసుకుని తన సొంత అక్క ఇంటికి వచ్చేసింది.

నొప్పి తగ్గింది, దెబ్బలు లేవు. అయినా సాయంత్రం మిషన్ ఆపగానే మనసు ఎటో పోయేది. పెళ్ళైన కొత్తలో అతను జ్వరం చూడటానికి నుదుటి మీద చెయ్యి వేసి, అలాగే నిద్రపోయిన రోజు గుర్తొచ్చేది.

"ఇంకా వాడి మీద బెంగేనా?" అని అక్క కసిరింది.

"వాడి మీద కాదే అక్కా, ఆ చేతి మీద. జబ్బుందని నేను కట్టెనైపోయానా?"



తర్వాతిసారి ఆసుపత్రికెళ్ళినప్పుడు టైలరక్క, "నాలాంటిది మళ్ళీ పెళ్ళి చేసుకోవచ్చా?" అని నర్సును అడిగేసింది.

"విడాకులయ్యాక చక్కగా చేసుకోవచ్చు. మందులు మానకుండా వేసుకుని, రక్తంలో వైరస్ కనిపించనంతగా తగ్గిపోతే, కాపురం వల్ల చేసుకున్నవాడికి అంటదు. ఏం, సంబంధం కుదిరిందా?"

టైలరక్క సిగ్గుపడింది. "అయ్యో, ఎవరూ లేరండీ. ఆశ పెట్టుకోవచ్చో లేదో కనుక్కుందామని."