భుజం మీద సీటు బెల్టు

అమెరికాలోని డబ్లిన్‌లో మా అల్లుడు రోజూ ఉదయం మనవరాలిని బడికి దింపే దారిలోనే తల్లికి వీడియో కాల్ చేస్తాడు. అప్పుడు అక్కడ, మన దేశంలో, రాత్రి. ఆవిడ భోజనం ముగించి కొడుకు ముఖం కోసం ఎదురుచూస్తూ ఉంటుంది. ఇక్కడి మనవాళ్లలో చాలామందికి ఇంటి కబుర్లకు కారే చోటు. నాకది ఏనాడూ మింగుడుపడలేదు.

వెనుక సీటులో మనవరాలి పక్కన కూర్చుని చూసినవన్నీ తేదీలు వేసి రాసుకున్నాను: ఎర్రదీపం దాటిన కూడలి, పక్క వరసలోకి ఒరిగిన మలుపు. నడిపేవారి కళ్లెదుట వీడియో ఆడకూడదన్న ఈ రాష్ట్రపు నిబంధననూ కిందే దించుకున్నాను. అల్లుడికి చూపిస్తే నవ్వాడు.

"ఫోన్ స్టాండ్‌లో పెట్టాను కదా మావయ్యగారూ! చేత్తో పట్టుకుంటేనే పోలీసులు ఫైన్ టికెట్ ఇస్తారు."

టికెట్టట! పోలీసుకు దొరక్కపోవడమే బాధ్యత అనుకునేవాడికి ఏ చట్టం ఏం నేర్పుతుంది? అయినా అల్లుడి ఇంట్లో ఉంటూ అల్లుడిని గట్టిగా అనకూడదన్న మర్యాద నా నోరు కట్టేసింది. ఆ మర్యాద మీద ఇప్పటికీ నాకు కోపమే.

మొన్న బడి ముందు పసుపు కోటు వేసుకున్న పెద్దావిడ స్టాప్ పలక ఎత్తి పిల్లలను దాటిస్తోంది. తెర మీద వియ్యపురాలు, "చిక్కిపోయావేంట్రా? ఏదీ, ఇటు చూడు" అంటోంది. అల్లుడు అటు చూశాడు.

"డాడీ, స్టాప్!" అని మనవరాలు కేక పెట్టింది.

కారు తెల్లగీతల మీదికొచ్చి ఆగింది. పెద్దావిడ ఒక పిల్లవాడిని సంచి పట్టుకుని వెనక్కు లాగి, అదే చేత్తో మా బానెట్ మీద చరిచింది. అల్లుడు ఆవిడకు సారీ చెప్పి, "ఏం కాలేదుగా" అన్నాడు మాతో. ఏమీ కాకుండా చూసింది ఆవిడ చెయ్యి, అతని కన్ను కాదు!

ఆ సాయంత్రమే వియ్యపురాలికి ఫోన్ చేసి జరిగింది చెప్పాను.

"వదినగారూ, మీ అబ్బాయి భుజం మీద సీటు బెల్టు కనబడితే కాల్ కట్ చేసేయండి."

"అయ్యో అన్నయ్యగారూ, వాడికి తీరికయ్యేది అప్పుడే కదా! చిన్నబుచ్చుకుంటాడండీ."

"చిన్నబుచ్చుకోనివ్వండి. వెనక సీట్లో మీ మనవరాలుంటుంది."



మర్నాడు వీధి మలుపు రాకముందే అల్లుడు కాల్ చేశాడు. తెర మీద ఆవిడ ముఖం వెలిగింది. కళ్లు అతని భుజం దగ్గర ఆగాయి. తెర నల్లబడింది. మళ్లీ చేశాడు. మళ్లీ నల్లబడింది.

"అమ్మకేమైంది?" అంటూ అద్దంలోంచి నా వైపు చూశాడు.

"ముందు రోడ్డు చూడు!" అన్నాను. నా గొంతు ఆ కారులో అంత గట్టిగా పలకడం అదే మొదటిసారి.