బాపుకు ఏ రీలు?

అది 2012. మాది ఎల్లారెడ్డి దగ్గర పల్లె. పోచారం ప్రాజెక్టులో గాలం వేయడమంటే మా బాపుకు ప్రాణం. ఒక ఉదయం గుండెపోటుతో ఆయన పోయాడు. దుబాయిలో ఉన్న అన్నయ్య మర్నాడే సెలవు మీద వస్తున్నాడు. దారిలో తట్టుకోలేడని, ఇల్లు చేరేదాకా చెప్పొద్దన్నారు పెద్దలు.

అంతలో అన్నయ్యే ఫోన్ చేశాడు.

"చెల్లే, బాపుకు గాలం రీలు కొంటున్న. ఒకదానికి బ్రేకున్నది, దారం చిక్కువడదట. ఇంకోటి అల్కగున్నది, బరువే లేదు, మస్తు దూరం ఇసరొచ్చట. ఏది తేవాలె?"

వాకిట్లో బాపుకు స్నానం చేయిస్తున్నారు.

"ఏదైనా తే అన్నా."

"గట్ల కాదు, బాపుకియ్యి. ఆయన్నే అడుగుత."

ఇక ఆపుకోలేకపోయాను. ఏడుస్తూనే చెప్పేశాను. అవతల, ఏది ప్యాక్ చేయాలని హిందీలో అడుగుతున్న దుకాణదారు గొంతు మాత్రం వినిపించింది.

పరాయి దేశంలో, ఒంటరిగా నిలబడి అన్నయ్య ఆ మాట విన్నాడు. ఇంకెలా చెప్పి ఉండాల్సిందో నాకిప్పటికీ తెలియదు.