సుగుణమ్మగారు రాయనన్న ఒక్క వాక్యం

ఉదయాన్నే లేపి, ఊపిరినిచ్చి, నావంటి అయోగ్యురాలి చేత కూడా తన పని చేయించుకుంటున్న దేవునికి స్తోత్రం.

వేసవి సెలవుల తర్వాత కోర్టులు తెరిచారు. ఈ ఉదయం తెనాలిలో మా ఇంట్లో పెట్టె తీసి నల్లకోటు దులుపుతుంటే కలరా ఉండల వాసన గుప్పుమంది. మా సీనియర్ సుగుణమ్మగారు గదిలోకి వచ్చినట్టే అనిపించింది. వకీలు పని నేను ఆవిడ దగ్గరే నేర్చుకున్నాను. ఆదివారం గుడిలో ఆవిడ పక్కన కూర్చుని పాడేదాన్ని, సోమవారం ఆవిడ ఫైళ్ళు మోసేదాన్ని. రెండు చోట్లా ఆవిడ ఒకేలా ఉండేవారు. అది చూస్తే నాకు భయం లాంటి గౌరవం కలిగేది.

ఒకసారి బాపట్ల నుంచి రత్నంగారనే స్కూలు మాస్టారు వచ్చారు. వాళ్ళమ్మ రేపల్లెలోని ఇల్లు మొత్తం ఆయన అక్క కరుణమ్మకు వీలునామా రాసి చనిపోయింది. దాన్ని కొట్టేయించాలని ఆయన పట్టుదల.

“అమ్మకి చివర్లో మతి లేదండి. నేనెళ్తే నన్నే గుర్తుపట్టలేదు. అదే రాయండి.”

“ఉండు నాయనా, తొందరేంటి? కోపం ఒక్కటే కోర్టులో చాలదు. ఇల్లు ఎవరి సంపాదన?”

“అమ్మదేనండి. నర్సుగా చేసి కట్టింది.”

“అయితే ఇష్టమొచ్చినవాళ్ళకి రాసుకోవచ్చు. మతి లేదని చెప్పే డాక్టరెవరు?”

ఆయన సంచిలోంచి వీలునామా నకలు తీసి ఇచ్చారు. దాన్ని తిరగేస్తున్న ఆవిడ చివరి పేజీలో ఆగారు. సాక్షుల్లో ఒకరు కరుణమ్మ భర్త.

“నువ్వు గెలుస్తావు,” అన్నారు నెమ్మదిగా. “మన క్రైస్తవులకి వర్తించే చట్టంలో సాక్షికి గానీ, సాక్షి భార్యకి గానీ రాసింది చెల్లదు. బయటివాళ్ళెందుకని పాపం అల్లుడి చేతే సంతకం పెట్టించింది మీ అమ్మ. నాన్నగారూ లేరు, ఉన్నది మీరిద్దరే. ఇల్లు చెరిసగం.”

ఆయన మొహం వెలిగింది. “మతి లేదన్నది కూడా పెట్టండి, గట్టిగా ఉంటుంది.”

“అది మాత్రం నేను రాయను. ముందు అక్కతో ఎదురుగా మాట్లాడు. తర్వాత కూడా కేసు వేయమంటే వేస్తాను.”

ఆయన సరేనన్నాక ముగ్గురం రైల్లో రేపల్లె వెళ్ళాం. సుగుణమ్మగారు చట్టం సంగతి దాచకుండా చెప్పారు. కరుణమ్మ ఇంటి గోడల్ని ఒకసారి చుట్టూ చూసింది.

“సగం తీసుకోరా తమ్ముడూ. మేమెక్కడుంటామో ప్రభువే చూసుకుంటాడు. అమ్మకి మతి లేదని మాత్రం ఎక్కడా అనకు. శుక్లాలొచ్చి చూపు పోయింది. నువ్వు కంగారు పడతావని నీకు చెప్పనివ్వలేదు. నువ్వొచ్చిన రోజు గుమ్మంలో నీ దగ్గు పోల్చుకుని, నువ్వు అప్పటికే వెనక్కి తిరిగావని తెలీక ‘రత్నం వచ్చాడే, అన్నం పెట్టు’ అంది. నేను వంటింట్లోంచి వచ్చేసరికి నువ్వు లేవు. రోజూ అంతమంది పిల్లలకి పాఠాలు చెప్తావు, నోరు తెరిచి ‘అమ్మా’ అనలేకపోయావా?”

రత్నంగారు ఆ గుమ్మంలోనే కూర్చుని ఏడ్చారు. “ఇల్లు అక్కకే ఉండాలంటే ఏం చెయ్యాలండి?” అన్నారు.

“మీ అమ్మ వీలునామా ఇవ్వలేకపోయినదాన్ని నువ్వివ్వాలి. నీ సగం అక్కకి వదులుతూ రిజిస్టరు చేయించాలి. ఇవాళ కాదు. ఏడుస్తూ పెట్టే సంతకం నాకొద్దు. ఇంటికెళ్ళి భార్యతో మాట్లాడి రా.”

కొన్నాళ్ళకు ఆయన భార్యతో కలిసి వచ్చి సంతకం పెట్టారు. ధర్మశాస్త్రం గురించీ కృప గురించీ చిన్నప్పటి నుంచీ ఎన్నో ప్రసంగాలు విన్నాను. చట్టం చెల్లదన్నదాన్ని ఒక మనిషి ఉచితంగా ఇవ్వడం మాత్రం అప్పుడే కళ్ళారా చూశాను. దేవుడు ఎంత ఇరుకైన దారిలోంచి రాగలడో తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది.

సుగుణమ్మగారు ప్రభువు దగ్గరకు వెళ్ళిపోయారు. వీలునామాతో నా ముందు ఎవరు కూర్చున్నా ఆవిడ అడిగినవే అడుగుతాను: ఆస్తి ఎవరిది, రాసినప్పుడు మనసు ఎలా ఉంది, సాక్షులెవరు. ఆ తర్వాత, గుమ్మంలోకి వెళ్ళి పిలిచారా అని అడుగుతాను. ఈరోజు ఇద్దరు అన్నదమ్ములు వస్తున్నారు. వాళ్ళ కోసం నాతో కలిసి ప్రార్థించండి: ప్రభువా, కోర్టు మెట్లెక్కేముందు ఒకరినొకరు పిలుచుకునే నోరు వాళ్ళకివ్వు. ఆమేన్.