హవల్దారు కాపలాలో నా తువ్వాల

ఆ రోజుల్లో గోదావరిఖనిలో ఎవడికైనా ఉద్యోగం పర్మినెంటు అయిందంటే ఆర్డరు చూడనక్కర్లేదు, నడక చూస్తే తెలిసిపోయేది. ఇరవై రెండేళ్ల నాకు నడకా టెంపరరీనే, ఉద్యోగమూ టెంపరరీనే. అలాంటి నన్ను మంథని దాటాక వచ్చే అడవిలో బొగ్గు జాడ వెతికే బోరింగ్ క్యాంపుకు పంపారు. అంతకుముందు ఆ అడవిలో కంపెనీ మనిషి కాలు పెట్టలేదని విని, నేనేదో కొత్త ఖండం కనిపెట్టబోతున్నట్టు టోపీ కూడా కొనుక్కున్నాను. (మొదటి వారంలోనే దాన్ని ఒక కోతి ఎత్తుకుపోయింది. నాకంటే దానికే బాగా నప్పింది.)

మేం ఆరుగురం. మాలో పెద్దవాడు డ్రిల్లరు, అందరం ఆయన్ని కాక అని పిలిచేవాళ్లం. ఏడోవాడు హవల్దారు. రామగుండం స్టేషను దగ్గర మా లారీ వెంట పడి, ఊరు దాటినా ఆగకుండా ఉరికొస్తుంటే కాక జాలిపడి ఎక్కించుకున్న నల్లకుక్క అది. ఒక పొద్దున వాగు దగ్గర ఎలుగుబంటి ఎదురైతే మేమంతా చెట్లెక్కాం, అది మాత్రం కింద నిలబడి మొరిగి మొరిగి ఎలుగును వెళ్లగొట్టింది. అందరికంటే పై కొమ్మ మీద ఉన్నది నేనే. (ఎలుగు చెట్టెక్కగలదని కాక తర్వాత చెప్పాడు. అప్పుడే చెప్పనందుకు ఇప్పటికీ రుణపడి ఉన్నాను.)

బోరులోంచి వచ్చే రాతి కడ్డీలను లోతు ప్రకారం చెక్కపెట్టెల్లో పేర్చి కాపలా కాయడం నా పని. వరస తప్పితే మూడు నెలల కష్టం మట్టిపాలే. బస్సులో సీటు మీద తువ్వాల వేస్తే అది మనదైనట్టు, క్యాంపులో పెట్టెల మీద ఎవడి తువ్వాల ఉంటే కాపలా వాడిది. ఒకరోజు నేను తువ్వాల వేసి తినడానికి వెళ్లి, తిన్నాక కాస్త నడుం వాల్చాను. లేచి వచ్చేసరికి హవల్దారు పెట్టెల పక్కన కూర్చుని, పక్క గూడెం పశువుల్నే కాదు, కాకను కూడా దగ్గరికి రానివ్వడం లేదు. నేను వచ్చి తువ్వాల తీశాకే లేచింది. అప్పటినుంచి డ్యూటీ దానిది, నిద్ర నాది. ఇదంతా నా తెలివేనని అందరికీ చెప్పుకున్నాను కూడా.

మూడో నెల బొగ్గు తగిలింది. కాక కొబ్బరికాయ కొట్టి మొదటి ముక్క హవల్దారుకే పెట్టాడు. మిషనుతో పాటు మిగతావాళ్లు వేరే చోటికి వెళ్లిపోయారు, పెట్టెల కోసం మర్నాడు లారీ రావాలి. అంతలో ఆఫీసరు జీపు వచ్చింది. మర్నాడు పొద్దున్నే నాకు పర్మినెంటు ఇంటర్వ్యూ అట. కాకకూ నాకూ చోటుంది, కుక్కకు లేదన్నారు. నేను క్షణం కూడా ఆలోచించకుండా పెట్టెల మీద తువ్వాల పరిచేశాను.

"నువ్వొచ్చి తీస్తెనే అది లేస్తది. యాదికుంచుకో," అన్నాడు కాక.

"రేపు లారీల నేనే వస్త కాక," అన్నాను.

ఉద్యోగం వచ్చింది. బెల్లంపల్లిలో అమ్మ ప్రార్థన పెట్టించి, చుట్టాలందరికీ కోడికూర వండింది. లారీ నేను లేకుండానే వెళ్లి ఖాళీగా తిరిగొచ్చింది. డ్రైవరు చిరిగిన ప్యాంటు చూపిస్తే ఆఫీసంతా నవ్వింది. అందరికంటే గట్టిగా నవ్వింది నేనే. తర్వాత వానలు పట్టుకున్నాయి, లారీ కదల్లేదు. నడిచైనా వెళ్లొచ్చు. కానీ కొత్త ఉద్యోగంలో కుక్క కోసం సెలవడిగితే ఏమనుకుంటారోనని భయపడ్డాను. సిగ్గుమాలిన భయం అది, ఇంకో పేరు పెట్టలేను.

తొమ్మిదో రోజు కాకతో కలిసి లారీలో వెళ్లాను. హవల్దారు పెట్టెల పక్కనే కూర్చుని ఉంది. పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు. దాని ముందు గూడెం అవ్వ పెట్టిన జొన్న గటక చిప్ప ఉంది.

"తువాల జల్ది తియ్యి బిడ్డ," అంది అవ్వ. "తొమ్మిది దినాల సంది వానల తడుసుకుంట గిట్లనే కూసున్నది. ఇంటికి రమ్మంటె రాదు."

తీశాను. తడిసి బరువెక్కింది. హవల్దారు లేచి ఒళ్లు విదిలించుకుని నా చెయ్యి వాసన చూసింది. తోక ఊపలేదు. లారీ చూపించి రమ్మన్నాను. అది అవ్వ వెనకాల గూడెం వైపు నడిచింది, ఒక్కసారైనా వెనక్కి చూడలేదు. నేను మళ్లీ పిలవబోతే కాక నా భుజం పట్టుకున్నాడు.

"పిలువకు. దాని డ్యూటీ అయిపోయింది," అన్నాడు.

తర్వాత అక్కడ గని పడింది. ఆ పెట్టెలకు కాపలా కాసింది ఎవరో ఎవరికీ తెలియదు, నేనూ చెప్పలేదు. నా రిటైర్మెంటు రోజు శాలువా కప్పి, నా విధేయత గురించి ఒకరి తర్వాత ఒకరు మాట్లాడారు. తలెత్తలేకపోయాను. అందరూ వెళ్లిపోయాక కూడా ఆ శాలువాతో కుర్చీలోనే ఉండిపోయాను, ఎవరో వచ్చి తీస్తే తప్ప లేవకూడదన్నట్టు. మా ఆవిడ వచ్చి, "ఇంకెంతసేపు కూసుంటరు, లేవుండ్రి," అంటూ శాలువా లాగి మడతపెట్టింది. నాకు నవ్వొచ్చింది. నా కోసం ఎవరో రావడానికి పది నిమిషాలైనా పట్టలేదు.