రెండు పాదాలూ నేలకు ఆనే బండి

మా ఇంట్లో పొద్దు క్యాన్ల చప్పుడుతో మొదలయ్యేది. ఇంకా చీకటి ఉండగానే నేను పొయ్యి మీద నీళ్ళు మరగబెట్టి, రెండు పాల క్యాన్లలోనూ పోసి, గిలకరించి పారబోసేదాన్ని. ఆయన వాటిని బండికి చెరో పక్కా తగిలించుకుని దుర్గి రోడ్డు పల్లెల్లో పాలు పోయించుకునేవాడు. తెల్లారేసరికి మాచర్లలో ఇళ్ళకు పోసి వచ్చేవాడు. పెళ్ళయిన నాటి నుంచీ అదే పని. ఈ వానాకాలంలో మా ఆయన సుధీర్ బాబు నిద్రలోనే పోయాడు. ఇప్పటికీ ఆ వేళకే మెలకువ వస్తుంది. లేచి పొయ్యి వెలిగిస్తాను. నీళ్ళు మరిగాక వాటితో ఏం చెయ్యాలో తోచక స్నానానికి తోడుకుంటాను.

ఆయన పోయాక మా వాడికంతా సర్దార్ మోశాడు. వాడిక అంటే ఒక ఇంటికి ఏళ్ళ తరబడి ఒకే మనిషి పాలు పొయ్యడం. కాగితం ఉండదు, మాటే ఉంటుంది. ఒకరి వాడికలో ఇంకొకరు కాలు పెట్టరు. సర్దార్ కూడా అదే రోడ్డున పాలు పోసేవాడే. భూస్థాపన అయిన సాయంత్రం వచ్చి, జ్ఞాపకార్థ కూడిక జరిగేదాకా మా ఇళ్ళకు తను పోస్తానన్నాడు. ఆ తర్వాత మా ఇంటి నుంచి ఎవరో ఒకరు రావాలని, రాకపోతే జనం ప్యాకెట్ పాలకు మళ్ళిపోతారని, మళ్ళినవాళ్ళను మళ్ళీ ఎవరూ తిప్పలేరని చెప్పాడు. మా అమ్మాయి నిస్సీ నరసరావుపేటలో నర్సింగ్ చదువుతోంది. మా ఇంటి తిండీ, దాని చదువూ ఆ క్యాన్లలో నుంచి వచ్చినవే. మగపిల్లలు లేరు. బండి నడిపేవాళ్ళు ఇంట్లో ఎవరూ లేరని నేననుకున్నాను.

ఉన్నది, హన్నమ్మ వదిన.

మా ఆయనకు అక్క. యాభై దాటాయి. పెళ్ళయిన కొన్నేళ్ళకే భర్త పోతే తమ్ముడి దగ్గరికి వచ్చేసింది. ఆడపిల్లల హాస్టల్లో వంట చేసేది. పెద్ద గొంతు, పెద్ద నడక, మోకాళ్ళకు మాత్రలు. ఆమె బండి నడిపిందని నాకు తెలుసు గానీ అదెప్పుడో నేను ఈ ఇంటికి రాకముందు మాట. మా మామ మరియదాసు గారు పల్లెలు తిరిగి ప్రార్థనలు జరిపే ఉపదేశి. సంఘం వాళ్ళు ఆయనకొక పాత బుల్లెట్ ఇచ్చారు. చూపు మందగించాక ఆయన వెనక కూర్చుంటే వదిన ముందు కూర్చుని నడిపేదట. పెళ్ళికాని పిల్ల బుల్లెట్ మీద వస్తుంటే అరుగుల మీది వాళ్ళు లేచి నిలబడి చూసేవాళ్ళట. మామ పోయాక బండి సంఘానికి వెళ్ళిపోయింది. వదిన మళ్ళీ హ్యాండిల్ పట్టుకోలేదు.

ఒక మధ్యాహ్నం అన్నం తిని, చెయ్యి కడుక్కుంటూ, కూడిక అయినాక పాలు తనే పోస్తానని చెప్పింది. మమ్మల్ని అడగడం కాదు, చెప్పడమే. సంఘ పెద్ద బెంజిమిన్ గారు ఈ సంగతి తెలిసి వచ్చాడు.

"ఏంది హన్నమ్మా, ఈ వయసులో బండేంది? మోకాళ్ళకు మాత్రలు మింగేదానివి."

"మాత్రలు మోకాళ్ళకేగా అన్నా, చేతులకు గాదుగా" అంది వదిన. ఆయన టీ తాగి వెళ్ళిపోయాడు.

ముందు మా ఆయన బండినే చూసింది. పందిరి కింద ఉన్నదాన్ని బయటికి లాగి ఎక్కి కూర్చుంది. కాలి వేళ్ళు మాత్రమే నేలకు అందాయి. రెండు క్యాన్లలో నీళ్ళు నింపి తగిలించమంది. తగిలించాక బండి ఎడమకు వాలింది. నేను పట్టుకోకపోతే బండితో పాటు వదినా కింద పడేది. వాడు తాటిచెట్టు, వాడి బండి నాకెట్టా సరిపోద్ది అంటూ దిగింది. నేను దాని మీద పట్టా మళ్ళీ కప్పాను.

మర్నాడు ఇద్దరం మాచర్లలో ముజాహిద్ షాపుకు వెళ్ళాం. పాత బండ్లు కొని, బాగు చేసి అమ్ముతాడు. మా ఆయన బండి అతని చేతిలోనే రిపేర్లు చేయించుకునేది. నన్ను చూసి స్టూలు తుడిచి వేశాడు. వదిన పని చెప్పగానే స్కూటీ చూపించాడు. ఆడవాళ్ళకు ఇదే సుఖమన్నాడు. వదిన దాని చక్రం మీద అరచెయ్యి పెట్టి చూసింది. దుర్గి రోడ్డు గుంటల్లో ఇంత చిన్న చక్రం మునిగిపోతుందనీ, క్యాన్లు తగిలిస్తే అడుగు రోడ్డుకు గీసుకుంటుందనీ చెప్పి పక్కకు పెట్టింది. తర్వాత ఎక్సెల్ మోపెడ్. దాన్ని తీసిపారెయ్యలేదు. బరువు మోస్తుంది, ఎక్కడం దిగడం తేలిక. షాపు ముందు రెండు చుట్లు తిప్పింది కూడా. కానీ నిండు క్యాన్లతో చడావు ఎక్కేటప్పుడు ఇది నిదానిస్తే పొద్దెక్కుతుంది, టీ వేళ దాటాక పాలు తీసుకెళ్ళి ఏం లాభం అంది.

మూడోది హండ్రెడ్ సీసీ మోటారు సైకిలు. నల్లది, ఎర్ర చారలున్నది. సీటు తగ్గులో ఉంది. వదిన దాన్ని నడపక ముందే కూర్చుని, రెండు పాదాలూ మడమలతో సహా నేల మీద ఆనించి, కాసేపు ఊరికే అట్లాగే ఉంది. సెంటర్ స్టాండు వేసి తీసింది. పాలవాళ్ళకు సైడు స్టాండు పనికి రాదు, క్యాన్ల బరువుకు మట్టిలో దిగబడి బండి పడుతుంది. తర్వాత ముజాహిద్‌ను క్యాన్లు కట్టి నీళ్ళు పొయ్యమంది.

"అక్కా, బండి కొనటానికొచ్చావా, నీళ్ళు తోలటానికొచ్చావా?"

"ఖాళీ బండి ఎవడైనా నడుపుతాడు. నాకు బరువుతో చూడాల. ఒకదాన్లో నిండా పొయ్యి, ఇంకోదాన్లో సగం పొయ్యి."

సగం ఎందుకో నాకు అర్థమైంది. నిండు క్యాను కదలదు. సగం క్యాను మలుపులో ఊగి బండిని లాగుతుంది. మా ఆయన కూడా దానికే భయపడేవాడు.

స్టార్ట్ చేసింది. ఎంత తిన్నగా పోయిందంటే నాకే గుండె నిండింది. రోడ్డు చివర తిరిగి వస్తూ టీ కొట్టు దగ్గర మలుపులో గేరు తగ్గించబోయింది. ఆ పాత బుల్లెట్‌కు గేరు కుడికాలి కింద ఉండేదట, బ్రేకు ఎడమకాలి కింద. ఇప్పటి బండ్లకు అది తిరగబడింది. ఆమె తలకు ఈ సంగతి తెలుసు, పొద్దున నుంచీ నాకు చెబుతూనే ఉంది. కాలికి తెలియదు. గేరనుకుని కుడికాలితో గట్టిగా తొక్కింది. బండి ఉన్నచోట బిగుసుకుంది, సగం క్యాను ఊగింది, మనిషీ బండీ నీళ్ళూ రోడ్డు మీద పడ్డాయి.

నేను పరుగెత్తాను. మోచెయ్యి చర్మం లేచింది. టీ కొట్టులో ఒకతను గ్లాసు కింద పెట్టకుండానే, "ఏందక్కా, రోడ్డుకు కళ్ళాపి చల్లావా?" అన్నాడు.

"చల్లా. ముగ్గు నువ్వెయ్యి" అని వదిన లేచింది.

అందరూ నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఇంట్లో ఒకరు పోయింది చాలు, వాడిక పోతే పోనీ, ఏ కూలికైనా వెళ్దామని చెప్పాలనుకున్నాను. అప్పటికే వదిన తడిబట్టలతో బండి లేపి, హ్యాండిల్ వంకర పోయిందేమోనని ముందు నుంచి చూస్తోంది. వంగిన ఫుట్‌రెస్టు చూపించి అది సరిచెయ్యమంది. ఇదే బండి కావాలంది.

ముజాహిద్‌కే మనసొప్పలేదు. పడేసిన బండిని కొంటానంటావేందక్కా అన్నాడు. తప్పు బండిది కాదనీ, లేపేటప్పుడు తన ఒక్కదాని చేతికే వచ్చిందనీ, పడ్డా లేపుకోగలిగిన బండే తనకు కావాలనీ చెప్పింది వదిన. అతను మా ఇంట్లో ఉన్న బండి తీసుకుని ఇది ఇస్తానన్నాడు. అప్పుడు వదిన నా వైపు తిరిగింది.

"అది నీ మొగుడి బండి. ఇవ్వాల్నో వద్దో నువ్వే చెప్పాల. వద్దంటే ఇంకో దోవ చూద్దాం, నేనేమీ అనుకోను."

ఆ బండి హ్యాండిల్ మీద రబ్బరు ఆయన చేతి ఒరిపిడికి నునుపు తేలి ఉంటుంది. పట్టా తీసి రోజూ ఒకసారి దాని మీద చెయ్యి వేస్తున్నానని వదినకు తెలుసు. పందిరి కింద నిలబెట్టి ఉంచితే అది నాకు ఓదార్పు అవుతుంది. అంతకుమించి ఏమీ అవదు. "ఇచ్చేద్దాం వదినా" అన్నాను.

కూడిక దాకా రోజూ సాయంత్రం చర్చి వెనక ఖాళీ స్థలంలో నేర్చుకుంది. లైసెన్సు పని సర్దార్ దగ్గరుండి చేయించాడు. ఇంట్లో బియ్యంలో రాళ్ళు ఏరుతూ కూర్చున్నా ఆమె ఎడమకాలు రోలు అంచును నొక్కుతూనే ఉండేది. ముందుకు తొక్కితే గేరు, మడమతో తొక్కితే తగ్గు. కుడికాలిని మఠం వేసి కింద పెట్టుకునేది, అది మధ్యలో తలదూర్చకుండా. నిస్సీ వచ్చినప్పుడు చూసి, అత్తయ్య కాలికి పూనకం వచ్చిందని నవ్వింది. ఆయన పోయాక ఇంట్లో వినిపించిన మొదటి నవ్వు అదే.

కూడిక అయిన మర్నాడు వదిన నిస్సీ చూడీదార్ ప్యాంటు వేసుకుని, పైన తమ్ముడి పొడుగుచేతుల చొక్కా తొడుక్కుని బయలుదేరింది. నేను గేటు దగ్గరే ఉన్నాను. పొద్దెక్కి తిరిగి వచ్చింది. మోచెయ్యి చూశాను, కొత్త దెబ్బలేవీ లేవు. బండి చూశాను, గీత లేదు. కానీ కుడివైపు క్యాను బరువుగా ఉంది. మూత తీస్తే అందులో పాలు.

అన్ని వీధుల్లోనూ గిన్నెలు పట్టారట, ఒక్క వీధిలో తప్ప. ఆ వీధిలో మొదటి ఇల్లు అన్నపూర్ణమ్మగారిది. విత్తనాల షాపు అమరేశ్వరరావు గారి భార్య. ఆమె గిన్నె తెస్తే వీధంతా తెస్తుంది. వదినను చూసి ఆమె గిన్నె లోపల పెట్టేసిందట. సుధీర్ భార్యను రమ్మను, పాలు తెచ్చేటప్పుడే రమ్మను, ఆ తర్వాత చూద్దాం అందట.

నేను అరుగు మీద కూర్చుండిపోయాను. భర్త పోయిన మనిషి పొద్దున్నే ఎదురొస్తే కీడని తలిచే ఇళ్ళు ఆ వీధిలో ఉన్నాయి. మేం క్రైస్తవులం, మాకు అట్లాంటివి లేవంటాం. అయినా ఆయన పోయాక పొద్దున పూట నేను ఎవరి గడప ముందుకూ వెళ్ళలేదు. వాళ్ళు పిలిపించి మరీ ఆ మాట మొహాన చెప్తారేమోనని నా భయం. ఆ వీధి పోతే మిగిలిన వీధుల పాలు పెట్రోలుకే సరి.

"నేనూ మొగుడు పోయినదాన్నేగా. మిగతా వీధులోళ్ళు గిన్నెలు పట్టలా?" అంది వదిన. "నువ్వు రాకపోతే ఏం పోద్దో తెలుసు. వస్తే ఏమైద్దో తెలవదు. తెలవని దానికే పోదాం."

మర్నాడు ఇంకా చీకటిగానే ఉంది. నేను వాకిలి ఊడవడానికి చీపురు తీశాను. వాకిలి ఊడవకుండా నేనెప్పుడూ ఇల్లు కదిలింది లేదు. వదిన బండి స్టార్ట్ చేసి, పల్లెలన్నీ తిరిగి పోవాలనీ, చీపురు పట్టుకుంటే ఆలస్యమనీ అంది. చీపురు గోడకు ఆనించి, క్యాన్ల మధ్య ఇరుక్కుని, కాళ్ళు ఎడమ క్యాను చట్రం మీద పెట్టుకుని కూర్చున్నాను. పల్లెల్లో పాలు పోయించుకుంటూ తిరిగినంతసేపూ మలుపుల్లో వదిన ఎడమకాలి వంక చూస్తూ కూర్చున్నాను. ఒక్కసారి కూడా తప్పలేదు.

అన్నపూర్ణమ్మగారు గేటు తీసి బయటే నిలబడి ఉంది. నేను దిగి దూరంగా ఆగాను. ఆమే వచ్చి నా రెండు చేతులూ పట్టుకుంది.

"మీ ఊరు వచ్చి నిన్ను పలకరించలేకపోయానమ్మా. ఇంట్లో మంచం పట్టిన మనిషిని వదిలి కదల్లేను. పలకరించకుండా ఆ ఇంటి పాలు ఎట్టా కాచుకునేది? అందుకే ప్యాకెట్ తెప్పించా. సర్దార్ పోస్తానన్నా వద్దన్నా, నీకు చెప్పి బాధపెట్టొద్దన్నా. నిన్న నువ్వొస్తావనే గిన్నెతో బయటికొచ్చా."

చానా మంచోడమ్మా అని ఆమె ఏడ్చింది. నేనూ ఏడ్చాను. కూడికలో కూడా అంత ఏడవలేదు. వదిన బండి మీదే, రెండు పాదాలూ నేల మీద పెట్టి, క్యాను మూత తీసి పట్టుకుని ఆగింది. తొందర పెట్టలేదు. కాసేపటికి అన్నపూర్ణమ్మగారు కళ్ళు తుడుచుకుని లోపలికి వెళ్ళి గిన్నె తెచ్చింది. ఎప్పుడూ తీసుకునే దాని మీద ఇంకో సోల పొయ్యమంది. పక్కింటి గేటు తెరుచుకుంది, ఆ పక్కది కూడా. నేనే కొలిచి పోశాను.

ఇంటికి వచ్చేసరికి ఎండ వాకిట్లోకి దిగింది. వేపాకు రాలి పడి ఉంది, కోళ్ళు కెలికాయి, మట్టి అంతా చిందరవందరగా ఉంది. పక్కింటామె గోడ మీద నుంచి చూసి, ఇంత పొద్దెక్కినా వాకిలి అట్టాగే ఉందే, ఒంట్లో బాగాలేదా అని అడిగింది. బాగానే ఉందన్నాను. చీపురు నేను ఆనించిన చోటే ఉంది. దాని పక్క నుంచి నడిచి లోపలికి వెళ్ళి వదినకూ నాకూ టీ పెట్టాను. ఆ రోజుకు వాకిలి ఊడవలేదు.