పెద్దమామ వీపు మీద పెళ్లికూతురు

డిగ్రీ చేతికొచ్చి, ఉద్యోగం మాత్రం ఇంకా ఎక్కడో దారిలోనే ఉన్న ఆ కాలంలో నాకొక గట్టి నమ్మకం ఉండేది: లోకంలో ఏ వస్తువైనా దాని మీద ఒక అందమైన స్టిక్కర్ పడితే తప్ప పూర్తి కాదని. ఆ నమ్మకంతోనే కోరుట్లలో మా ఇంటి వెనక గదిలోకి ఒక చిన్న లేజర్ కటింగ్ మిషన్ తెచ్చాను. బాపుది మోటార్ వైండింగ్ పని. కాలిన మోటార్ల మధ్యే పెరిగిన ఆయన ముక్కు కూడా నా మిషన్ ముందు ఓడిపోయింది. "ఏందే బిడ్డా గీ కంపు? మోటర్ కాలినా గింత వాసన రాదు" అని తువ్వాల ముక్కుకు కట్టుకునేవాడు. బీడీలు చుట్టే మా అమ్మ, మేము పిలిచే అవ్వ, మాత్రం నా పక్షమే. "నా తంబాకు వాసన ఇన్నేండ్లు ఓర్సుకున్నవు కదా, పిల్లది గూడ జెర్ర ఓర్సుకో" అనేది.

మిషన్ పని చెప్పడానికి సులువే. వెనక బంక ఉన్న కాగితం షీటు పెడితే, లేజర్ దాని మీద అక్షరాలు కాల్చి చుట్టూ అంచు కోస్తుంది. పై కాగితం తెగాలి, బంకను కాపాడే అడుగు కాగితం తెగకూడదు. (ప్లాస్టిక్ స్టిక్కర్లు పెడితే విషపు పొగ వస్తుందని అమ్మినతను చెప్పాడు, అతను చెప్పినవాటిలో నేను చెవిన వేసుకున్నది అదొక్కటే.) బంక కాలిన పొగ లెన్స్‌కు పట్టుకుంటుందని, దాన్ని రోజూ స్పిరిట్‌తో తుడవాలని కూడా చెప్పాడట. నాకు గుర్తులేదు. లెన్స్ మసకబారి కాగితం తెగడం మానేసినప్పుడల్లా నేను పవర్ పెంచుతూ పోయాను.

సరిగ్గా అప్పుడే అక్కకు సిరిసిల్ల సంబంధం కుదిరింది. ఫంక్షన్ హాల్లో తలుపులకు, కుర్చీలకు, స్వీటు డబ్బాలకు స్టిక్కర్లన్నీ నావేనని ప్రకటించాను. శుభకార్యం కదా అని మొదటిసారి లెన్స్ తళతళలాడేలా తుడిచాను. పెంచిన పవర్ తగ్గించాలని మాత్రం తోచలేదు. దాంతో మిషన్ అడుగు కాగితంతో సహా అన్నిటినీ కోసిపారేసింది. మిషన్ చిన్నది కాబట్టి తలుపు స్టిక్కర్ రెండు ముక్కలు: "పెళ్లికూతురు" ఒకటి, "గది" ఒకటి. బంక బాగానే ఉందా అని రెండింటి వెనక కాగితం గోటితో ఒలిచి చూస్తున్నాను. అంతలో వాకిట్లో పెద్దమామ గొంతు!

పెద్దమామ అంటే కాబోయే బావకు పెద్దనాన్న. సిరిసిల్లలో సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపిస్తారు. ఆయన నవ్వగా మేమెవరం చూడలేదు. అక్క, నేను చాటుగా "మిలిట్రీ మామ" అనుకునేవాళ్లం. హాలు చూడటానికి వచ్చి, "నీ మిషిన్ ఏడుంది, చూపియ్యి" అంటూ నేరుగా వెనక గదిలోకి వచ్చేశారు. నేను చేతిలో ఉన్నవాటిని మంచం మీద చుట్టిపెట్టిన పరుపుపై బంక వైపు పైకి పెట్టి నీళ్లకు పరుగెత్తాను. తిరిగొచ్చేసరికి ఆయన ఆ పరుపుకే హాయిగా ఆనుకుని కూర్చున్నారు.

అందరం భయంతో తలలు దించుకునే సాగనంపాం. ఆయన బస్సెక్కి వెళ్లాక పరుపు చూస్తే "గది" ఉంది. పెళ్లికూతురు లేదు.

"అయ్యో, పెండ్లి చెడగొట్టినవు కదనే!" అని అక్క ఏడుపు. అవ్వ బీడీల చాట పక్కన పెట్టేసింది. బాపు ఫోన్ చేస్తే బస్సు చప్పుడుకేమో ఎత్తలేదు. చీకటి పడ్డాక ఆయనే చేశారు, అదీ నాకు.

"బిడ్డా, నా ఈపుకు ఏమన్న అంటవెట్టినవా?"

నేను ఫోన్ బాపుకు అందించబోతే ఆయన వెనక్కి జరిగాడు.

"బస్సెక్కంగనే ఓ ముసలమ్మ జరిగి సీటిచ్చింది. నాకు ఇజ్జతిస్తున్నరనుకున్న. ఏములాడ బస్టాండ్ల బస్సు మారుదామని దిగుతుంటే కండక్టర్ 'పైలంగ దిగు పెండ్లిపిల్లా' అన్నడు. వానికి మతి లేదనుకున్న. ఇంటికచ్చినంక మీ అత్త చూసింది."

"తప్పయింది మామా..."

"ఆగు. దవాఖాన్ల నుంచి అచ్చినప్పటి సంది మీ అత్త నవ్వలేదు. గియ్యాల ఎక్కిళ్లు వట్టేదాక నవ్వింది. ఇగో, ఇంక నవ్వుతనే ఉంది." వెనక నుంచి నిజంగానే ఆమె నవ్వు వినిపించింది. ఆయన గొంతు సవరించుకున్నారు. "కని అది పెండ్లికి కుట్టించుకున్న అంగి. బంక పోతలేదు. నువ్వే తియ్యాలె."

మర్నాడు బాపు, నేను స్పిరిట్ సీసాతో సిరిసిల్ల వెళ్లాం. కాగితం ఊడింది కానీ, మిగిలిన బంకకు సాంచాల దూది పట్టి తెల్లచొక్కా వీపున చిన్న మేకపిల్ల పడుకున్నట్టుంది. బాపు చొక్కా బిగించి పట్టుకుంటే నేను తుడిచాను. పెద్దత్త మంచం మీంచే "జెర్ర ఉండనియ్యుండ్రి, మంచిగున్నది" అంటూ మళ్లీ నవ్వు మొదలుపెట్టింది. వచ్చేముందు పెద్దమామ నన్ను పక్కకు పిలిచి, మెల్లగా అడిగారు. "నాకు గూడ ఒకటి చెయ్యి. ఈసారి ముందట వెట్టుకుంట." పెళ్లిలో ఆయన జేబు మీద "పెండ్లికొడుకు పెద్దనాయిన" అని బంగారు కాగితం మెరిసింది. మధ్యాహ్నానికల్లా మేనత్తలూ బాబాయిలూ తమకూ ఒకటి కావాలని నా చుట్టూ మూగారు.

ఇప్పుడు జగిత్యాలలో నాకొక షాపుంది, మిషన్ పెద్దది, పనంతా పద్ధతిగా సాగుతుంది. ఒలిచిన స్టిక్కర్ ఎక్కడా పడి ఉండదు. ఇప్పటి నేనే ఆ రోజు ఆ గదిలో ఉండి ఉంటే, పెద్దమామ మామూలు చొక్కాతో మామూలు బస్సులో ఇంటికి చేరేవారు. పెద్దత్త తలుపు తీసి, నీళ్లిచ్చి, మళ్లీ వెళ్లి పడుకునేది. అందుకే ఆ తెలివితక్కువ పిల్ల గుర్తొచ్చినప్పుడల్లా తిడదామనుకుంటాను, నవ్వొచ్చేస్తుంది.