జపాను పటంలో పడవ

గద్వాల కళ్ల దవాఖానలో టోకెను తీసుకోగానే వీరేశం కుర్చీ వెతుక్కోడు. గోడమీది జపాను బొమ్మ పటం దగ్గరికి పోతాడు. చెక్క అచ్చులతో అద్దిన పెద్ద చెరువు, వెనక మంచుకొండ, నీటి నడుమ వేలిగోరంత ఎర్ర పడవ. షుగరు కళ్లకు దిగినప్పటి నుంచి మూడు నెలలకోసారి ఇదే వరస. చేతులు వెనక్కి కట్టుకుని, మగ్గం మీంచి దింపిన చీరను చూసినట్టు పటాన్ని అంచు నుంచి అంచుకు చూస్తాడు. పైన ముదురుగా మొదలైన నీలం కిందికొచ్చేసరికి నీళ్లలా పలచబడుతుంది. "ఏడ మారిందో దొరకదు. పనంటే గిది," అంటాడు ప్రతిసారీ. నలభై ఏళ్లుగా నూలు చీరకు పట్టు అంచు అతుకు తెలియకుండా కలుపుతున్న చేతులు ఆయనవి.

ఈసారి చాలాసేపు నిలబడ్డాడు. "చూసినవా, పడవ వెలిసిపోయింది. కిటికీకి ఎదురుంగ పెట్టొద్దు, ఎరుపు ఎండకు ఆగదని ఈ టోకెన్లిచ్చే సారుకు నేను ఎప్పుడో చెప్పిన."

వెనక కుర్చీలో కూర్చున్న భార్య స్వరూప తలెత్తి చూసింది. పడవ ఉన్నచోటే ఉంది, కుంకుమంత ఎర్రగా.

"అవు, వెలిసిపోయింది," అంది.

మర్నాడు పొద్దున ఆయన మగ్గం గుంటలోకి కాళ్లు దించేసరికి ఆమె వచ్చి అంచు పక్కన పీట వేసుకుంది.

"నీకేం పని ఈడ?"

"నడుం నొస్తుంది. పొయ్యికాడ నిలబడలేను. జర కూసుంట."

వీరేశం అంచు పోగులను వేళ్లతో తడిమి చూశాడు.

"అట్లయితే ఎర్ర పోగు నువ్వే చూసుకో," అన్నాడు.